మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటలతో చదువు: ఇంట్లో, చిన్న బడిలో ఎలా ప్లాన్ చేస్కోవాలి

జూన్ అడ్మిషన్ల టైములో తల్లిదండ్రులు అడిగే మొదటి మాట "ఎప్పటికల్లా రాయటం వచ్చేస్తుందండీ?" అనే. పిల్లాడికి అప్పటికి మూడేళ్ళు నిండి ఉంటాయి, అంతే. ఆ వయసులో మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు, వేళ్ళకి పట్టు రాదు, నిలువు గీత గీస్తాడు, గుండ్రంగా చుట్టేస్తాడు, ప్లస్ గుర్తు వేయాలంటే నాలుగేళ్ళు రావాలి, చతురస్రం నాలుగున్నర ఐదుకి, త్రికోణం ఆ తర్వాత. ఆ చేతికి నోట్‌బుక్ ఇచ్చి పేజీ నిండా అ రాయమంటే రాస్తాడు, ఎందుకు రాయడు, ఏడ్చుకుంటూ రాస్తాడు, రాసి రాసి పెన్సిల్ అంటేనే విసుగు తెచ్చుకుంటాడు. ఇది బడి నడిపేవాళ్ళకీ, అంగన్‌వాడీ టీచర్లకీ, ఇంట్లో పిల్లల్తో ఏం చేయాలో తెలీక యూట్యూబ్ పెట్టేసే అమ్మానాన్నలకీ పనికొస్తుందని రాస్తున్నా.

ఆటలతో చదువు అనగానే కొంతమంది పిల్లల్ని బొమ్మల మధ్యలో వదిలేసి ఫోన్ చూస్కుంటారు. ఇంకొంతమంది ఆపిల్ బొమ్మ ప్రింట్ తీసి, దాంట్లో ఎర్ర రంగు వేయించి, గీత దాటితే "నీట్‌గా వెయ్యి నాన్నా" అని, దానికి ప్లే యాక్టివిటీ అని పేరు పెడతారు. రెండూ కాదు. ఏం సామాను పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు ఇవ్వాలి అనేది మనం ముందే కూర్చుని ఆలోచించుకోవాలి, ఆట మొదలయ్యాక అది వాళ్ళ ఇష్టం. సిలబస్ ఉంటుంది, కాకపోతే అది మన నోట్‌బుక్‌లో ఉంటుంది, పిల్లల బ్యాగులో కాదు.

ఇదేదో ఫారిన్ ఫ్యాషన్ అని ఇంట్లో తాతగారు అంటే గిజుభాయ్ బధేకా గురించి చెప్పండి, ఆయన 1920లోనే గుజరాత్ భావ్‌నగర్‌లో బాలమందిరం మొదలుపెట్టి కథలతో ఆటలతో చదువు చెప్పారు. 1939లో పిల్లలు చేత్తో చేస్తూ నేర్చుకునే పద్ధతికి పేరుపడ్డ ఇటలీ డాక్టర్ మరియా మాంటిస్సోరి గారు స్వయంగా మద్రాస్ అడయార్ వచ్చి టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు. ఇప్పుడు ప్రభుత్వం కూడా అదే మాట చెప్తోంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు అంతా ఒకే మెట్టు అంది, అంటే ప్రీస్కూల్ మూడేళ్ళు, ఒకటి, రెండు తరగతులు కలిపి. దానికి కరికులం ఫ్రేమ్‌వర్క్ 2022లో వచ్చింది, 2023లో జాదూయీ పిటారా అని బొమ్మలు, పజిల్స్, తోలుబొమ్మల్లాంటివి, కథల కార్డులు ఉన్న పెట్టె రిలీజ్ చేశారు, 2024లో అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళ కోసం ఆధారశిల అనే కరికులం వచ్చింది. వీటన్నిట్లోనూ ఆటే మెయిన్. కాబట్టి "సిలబస్ లేదా మీకు" అని ఎవరైనా అడిగితే ఉందండీ, ఇదే, అని చెప్పొచ్చు.

సామాన్లు ఏం కావాలి

కొనాల్సినవి చాలా తక్కువ. లక్కపిడతల సెట్ ఒకటి ఉంటే సగం పని అయిపోయినట్టే. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో చేసి లక్కలో సహజ రంగులు కలిపి వేస్తారు కాబట్టి చిన్నపిల్లల చేతికి ఇవ్వటానికి అవి బాగుంటాయి. కొండపల్లి బొమ్మలు చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా తెల్ల పొణికి కర్ర చాలా తేలిక, విరుగుతాయి, అవి కథ చెప్పేటప్పుడు మనం పట్టుకుని చూపించటానికి ఉంచుకోండి. షాపులో ప్లాస్టిక్ బొమ్మ కొంటే ఐఎస్ఐ మార్క్ చూడండి, 2021 జనవరి నుంచి బొమ్మలకి అది తప్పనిసరి చేశారు.

మిగతావన్నీ ఇంట్లోవే. చింతపిక్కలు, గవ్వలు, బట్టల క్లిప్పులు, ఖాళీ అగ్గిపెట్టెలు, కొబ్బరి చిప్పలు, పాత చున్నీలు, అట్టపెట్టెలు, రకరకాల సైజు స్టీలు గిన్నెలు, ఒక టబ్బు ఇసుక, ఒక టబ్బు నీళ్ళు. పిండి ముద్ద కావాలంటే రెండు కప్పుల మైదాలో ఒక కప్పు ఉప్పు వేసి, కప్పుకి కాస్త తక్కువ నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ ఒక చెంచా నూనెతో చపాతీ పిండిలా కలపండి, పసుపు వేస్తే పచ్చ, బీట్‌రూట్ రసం వేస్తే గులాబి రంగు వస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే వారం ఆడుకోవచ్చు. పెన్సిల్ పట్టుకునే ముందు వేళ్ళకి కావాల్సిన బలం ఈ పిండి పిసకటంలోనూ, క్లిప్పులు నొక్కటంలోనూ, బఠాణీలు ఒలవటంలోనూ వస్తుంది.

జాగ్రత్త ఒకటి. చింతపిక్కలు, గవ్వలు, శనగలు మూడేళ్ళలోపు వాళ్ళకి అసలు ఇవ్వొద్దు, నోట్లో పెట్టుకునే అలవాటు పోని పిల్లలు పెద్ద వయసు వాళ్ళయినా ఇవ్వొద్దు, ముక్కులో దూర్చుకున్న శనగగింజ తీయించటానికి డాక్టర్ దగ్గరికి పరిగెత్తిన అమ్మల్ని అడగండి. నీళ్ళ టబ్బు దగ్గర మాత్రం పెద్దవాళ్ళు కదలకూడదు, ఫోన్ మోగినా సరే.

అన్నీ ఒకేసారి బయట పెట్టొద్దు. గది నిండా బొమ్మలు ఉంటే పిల్లలు ఒకటి తీసి ఇంకోటి పడేసి ఏదీ ఆడరు. నాలుగైదు రకాలు కింది అరలో వాళ్ళ చేతికి అందేలా పెట్టండి, మిగతావి అటక మీదకి పోవాలి, వారం పది రోజులకి మార్చండి, అటక మీంచి దిగినవి కొత్తవాటిలాగే ఆడుకుంటారు.

ఒక వారం ప్లాన్: సంత

ప్రతి వారానికీ ఒక థీమ్ తీస్కుంటే టీచర్‌కి ఈజీ. పిల్లలకి తెలిసింది తీస్కోండి. పెంగ్విన్లు, మంచు ఇవన్నీ కాకుండా వాళ్ళు రోజూ చూసే బస్సు, సంత, పెళ్ళి, వాన, టిఫిన్ బండి. నాకు అన్నిటికంటే సంత ఇష్టం, ఎందుకంటే దాంట్లో లెక్క ఉంది, మాట ఉంది, బేరం ఉంది, కొట్లాట కూడా ఉంది.

సోమవారం పిల్లల్ని దగ్గర్లో రైతుబజార్‌కో, కూరగాయల బండి దగ్గరికో తీస్కెళ్ళండి. బడి అయితే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు తోడుండాలి. అక్కడ పాఠం చెప్పొద్దు, చూడనివ్వండి, తక్కెడ చూస్తారు, రాశులు పోసిన తీరు చూస్తారు, కొత్తిమీర కట్ట వాసన చూస్తారు. ఇంటికొచ్చాక "ఏం చూశారు" అంటే ఒకడు కుక్క గురించే చెప్తాడు, చెప్పనివ్వండి.

మంగళవారం సంత కట్టాలి. అట్టపెట్టెలు బోర్లిస్తే కొట్టు, చున్నీ కడితే పందిరి. తక్కెడ మీరే చేయొచ్చు, ఒక హ్యాంగర్‌కి రెండు వైపులా కొబ్బరి చిప్పలు దారంతో వేలాడదీసి మేకుకి తగిలించటమే. పిండి ముద్దతో వంకాయలు, టమాటాలు వాళ్ళే చేస్తారు, నిజం ఉల్లిపాయలు, బంగాళాదుంపలు కొన్ని పెట్టండి, బరువు తెలియాలంటే నిజమైనవి ఉండాలి. ఆ రోజు అమ్మకం మొదలవ్వకపోయినా పర్లేదు. కట్టటమే ఒక రోజు ఆట.

బుధవారం అమ్మటం, కొనటం. ఒక్కో చింతపిక్క ఒక రూపాయి. ఎవరు అమ్మాలో ఎవరు కొనాలో మీరు డిసైడ్ చేయొద్దు, అక్కడ జరిగే గొడవలోనే వాళ్ళు వంతులు నేర్చుకుంటారు, చేయి లేచేదాకా వస్తేనే మీరు వెళ్ళండి. కలిపి కూర్చోబెట్టిన పిల్లల్లో మూడేళ్ళవాళ్ళు సంచీ మోస్తారు, ఉల్లిపాయల్ని ఒక చోట, టమాటాల్ని ఒక చోట వేరు చేస్తారు, వాళ్ళకి అదే లెక్కలు. నాలుగేళ్ళవాళ్ళు పిక్క పిక్కకీ ఒక అంకె చెప్తూ లెక్కపెడతారు. ఐదేళ్ళవాళ్ళు ధరల బోర్డు రాస్తాం అంటారు. రాయనివ్వండి. అది పిచ్చిగీతలా ఉన్నా "ఇది ఎంత?" అని అడిగితే "పది రూపాయలు" అని చదువుతారు. గీతకి ఒక అర్థం ఉంటుందని అర్థమైపోయింది అన్నమాట, అక్షరాల పుస్తకం మొత్తం తిప్పినా కొంతమందికి ఇది తట్టదు.

గురువారం మీరు ఒక చిన్న తంటా పెట్టండి. మీరే కొనటానికి వెళ్ళి "అమ్మా, నా దగ్గర మూడే ఉన్నాయి, ఐదు చెప్తున్నారు, ఎట్లా?" అనండి. లేకపోతే కొసరు అడగండి. కొసరు అంటే తెలియని పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు, అన్నీ యాప్‌లో వచ్చేస్తున్నాయి కదా, ఒకసారి చూపిస్తే ఇక ప్రతి బేరానికీ కొసరే. తక్కెడలో ఒక వైపు ఒక బంగాళాదుంప వేసి ఇంకో వైపు ఎన్ని టమాటాలు వేస్తే సమానం అవుతుందో చూడమనండి, జవాబు మీరు చెప్పకండి, వాళ్ళు వేసి, తీసి, మళ్ళీ వేసి చూస్కుంటారు.

శుక్రవారం సంతలో కొన్న వాటితో ఏదైనా పొయ్యి అక్కర్లేనిది చేయండి, నిమ్మకాయ నీళ్ళు చాలు. పిండేది ఒకళ్ళు, చెంచాలు లెక్కపెట్టి పంచదార వేసేది ఒకళ్ళు, కలిపేది ఒకళ్ళు. అందరికీ గ్లాసులు సరిపోయాయా లేదా చూసే పని ఒక పిల్లకి అప్పజెప్పండి, ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్క గ్లాసు పెట్టుకుంటూ పోతే "ఇంకా రెండు కావాలి" అని ఆ పిల్లే చెప్తుంది, ఒకటి నుంచి వంద దాకా గడగడా చెప్పించే బదులు ఇది చూడండి.

శనివారం బొమ్మ వేయించండి, వేసిన బొమ్మ గురించి ఒక్కొక్కళ్ళని అడిగి వాళ్ళు చెప్పింది చెప్పినట్టే బొమ్మ కింద రాయండి. "నేను వంకాయ అమ్మిన, దివ్య డబ్బులియ్యలే" అంటే అట్లాగే రాయాలి, గ్రాంథికంలోకి దిద్దొద్దు, మీ యాసలోకీ మార్చొద్దు. తర్వాత వేలు పెట్టి చదివి వినిపించండి, తన మాట కాగితం మీద ఉందని చూస్తే కళ్ళు పెద్దవి చేస్తారు.

సంత రెండో వారం కూడా నడవాలంటే నడవనివ్వండి. ప్లాన్‌లో బస్సు ఉందని సంత పీకేయకండి.

మధ్యలో మనం ఏం మాట్లాడాలి

చాలామందికి కష్టమయ్యేది ఇదే. పిల్ల ఆడుతుంటే మనం పక్కన చేరి "ఇదేం కలర్? ఎన్ని ఉన్నాయి? స్పెల్లింగ్ చెప్పు" అని పరీక్ష మొదలుపెడతాం, ఆట అక్కడితో సరి. దానికి బదులు ముందు ఊరికే చూడండి, తర్వాత కనపడింది చెప్పండి, "చిన్న గిన్నెలన్నీ పెద్దదాంట్లో పెట్టేశావే" అని, ఆగండి. పిల్ల ఏదైనా అంటే అప్పుడు ఒక్కటే ప్రశ్న, అది కూడా మీకు జవాబు తెలియని ప్రశ్న అయితే మేలు. "ఇప్పుడు ఎవరికి వండుతున్నావు?" లాంటిది. ఆగటం అంటే నిజంగా ఆగటం, మనసులో పది లెక్కపెట్టుకుంటే సరిపోతుంది, మనకి అది చాలా సేపు అనిపిస్తుంది గానీ వాళ్ళకి మాట వెతుక్కోవటానికి ఆ మాత్రం కావాలి.

నీళ్ళాటలో ఇంకోటి జరుగుతుంది. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి ఒకటి సన్నటి పొడుగు సీసాలోకి వంపితే నాలుగేళ్ళ పిల్ల సీసాలోనే ఎక్కువ ఉన్నాయంటుంది. మళ్ళీ గ్లాసులోకి పోసి చూపించినా అదే మాట. మొండితనం కాదది, ఆ వయసు బుర్ర అలాగే చూస్తుంది, పియాజే అనే స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త దీని మీదే చాలా పని చేశారు, ఆరు ఏడేళ్ళకి అదే కుదురుకుంటుంది. సరిదిద్దొద్దు. ఇంకో నాలుగు సార్లు పోస్కోనివ్వండి.

అక్షరాలు

అక్షరం కంటే ముందు చెవి. పిల్లల పేర్లకి చప్పట్లు కొట్టించండి, ర-మ-ణ మూడు చప్పట్లు, సీ-త రెండు. తెలుగులో ఒక్కో చప్పట్లో ఒక్కో అక్షరం వచ్చేస్తుంది కాబట్టి మన పిల్లలకి ఇది తొందరగా పట్టుబడుతుంది. తర్వాత "క తో మొదలయ్యేవి చెప్పు" అంటే కాకి, కాలు, కాఫీ వచ్చినా ఓకే. మాట చివర అక్షరం పట్టుకుని ఇంకో మాట చెప్పే ఆట ఐదేళ్ళకి బాగుంటుంది.

చూసే అక్షరాల్లో మొదటిది వాళ్ళ పేరే కావాలి. చెప్పుల దగ్గర, గ్లాసు మీద, హాజరు బోర్డు దగ్గర పేరు కార్డులు పెట్టండి, పొద్దున్నే వచ్చి తన కార్డు తీసి తగిలించటమే అటెండెన్స్. అ నుంచి ఱ దాకా వరసగానే పోవాలని రూలేం లేదు. ర, గ, న లాంటి తేలిగ్గా తిరిగేవి, పిల్లల పేర్లలో ఎక్కువ వచ్చేవి ముందు పట్టుకోండి. మ-య, ప-వ, ద-డ ఇలాంటి జతలు మాత్రం ఒకే వారం చూపించకండి, కలిపేసుకుంటారు, ఒకటి బాగా వచ్చాక కొన్ని వారాలకి రెండోది. రాయటం ఇసుకలో వేలితో, గచ్చు మీద తడి గుడ్డతో, పెద్ద పెద్దగా. ఐదేళ్ళవాళ్ళకి మూడు చుక్కల మూడు వరసల ముగ్గు పెట్టి చుక్కలు కలపమనండి, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ముగ్గు నేర్పినంత బాగా కాపీ పుస్తకం నేర్పదు, ఇది నా గట్టి అభిప్రాయం.

ఇంట్లో ఉర్దూ, లంబాడీ, గోండి, కోయ మాట్లాడే పిల్లలు ఉంటే వాళ్ళ మాటలు కూడా సంతలో ఉండాలి. ఉల్లిపాయని వాళ్ళమ్మ ఏమంటుందో అడిగి మిగతావాళ్ళు కూడా నేర్చుకోవాలి. కొత్త భాష తర్వాత వస్తుంది, ముందు నోరు తెరవాలి కదా.

కదిలే ఆటలు

మూడు నాలుగేళ్ళ పిల్లలకి రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒంటికి కదలిక ఉండాలనీ, అందులో 60 నిమిషాలు గట్టిగా ఎగరటం పరిగెత్తటం ఉండాలనీ, స్క్రీన్ ముందు కూర్చోవటం గంటకి మించకూడదనీ, పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు పడుకోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ అంటారా, టెర్రస్, కారిడార్, పార్కింగ్‌లో సెలవు రోజు పొద్దున.

నేల-బండ ఆడించండి. దొంగని "నేల కావాలా, బండ కావాలా" అని అడిగినప్పుడు ఏది కోరుకున్నాడో గుర్తు పెట్టుకోవాలి, అది దొంగ చోటు కాబట్టి అటు కాలు పెట్టబోయి ఆపుకోవాలి. ఈ ఆపుకోవటమే రేపు క్లాసులో చెయ్యెత్తి తన వంతు దాకా ఆగటం. నాలుగు స్తంభాలాట, దాగుడుమూతలు కూడా అంతే. తొక్కుడుబిళ్ళ ఒంటికాలి బ్యాలెన్స్ వచ్చాక, అంటే ఐదు దాటాక. వామనగుంటలు ఐదేళ్ళకి మొదలుపెట్టొచ్చు, పద్నాలుగు గుంటలూ అక్కర్లేదు, ఆరు గుంటలతో చిన్నది చేస్కోండి. అష్టాచెమ్మా అయితే నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూసి అన్ని గళ్ళు జరిపితే చాలు, చంపుకోవటాలు, పండించటాలు ఆరేళ్ళ తర్వాత చూస్కోవచ్చు.

ఎవరికి ఏం వచ్చిందో ఎలా తెలుస్తుంది

మార్కులు, స్టార్లు వద్దు. ఒక నోట్‌బుక్‌లో పిల్లకో రెండు పేజీలు పెట్టుకుని, రోజుకి ఇద్దరు ముగ్గురిని గమనించి ఒక్క లైను రాయండి, తేదీ వేసి. "బాగా ఆడింది" అని కాదు, "ఏడు పిక్కలు లెక్కపెట్టింది, ఎనిమిదో దాన్ని రెండు సార్లు లెక్కపెట్టింది" అని. రెండు నెలలకి తిరగేస్తే వచ్చే వారం సంతలో ఏం పెట్టాలో అదే చెప్తుంది. తల్లిదండ్రుల మీటింగ్‌లో ఈ లైన్లు చదివి వినిపిస్తే "రాయటం ఎప్పుడు" అనే ప్రశ్న సగం తగ్గుతుంది.

మూడేళ్ళు నిండినా చిన్న చిన్న వాక్యాలు కలపని పిల్ల, పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్లాడు, ఇంతకు ముందు వచ్చిన మాటలు పోగొట్టుకుంటున్న పిల్లలు ఉంటే "వాళ్ళ నాన్న కూడా లేటుగానే మాట్లాడాడు" అని ఊరుకోవద్దు. ముందు వినికిడి చూపించండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకి వచ్చి పిల్లల్ని చూసే డాక్టర్ల టీములు ఉన్నాయి, అవసరమైతే వాళ్ళే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి పంపిస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆటలో గమనించి రాసిన ఆ లైన్లు అక్కడ డాక్టర్‌కి చూపించండి, చాలా ఉపయోగపడతాయి.

బడి వెతుక్కునే వాళ్ళకి

రంగుల గోడలు చూసి మోసపోకండి. మధ్యలో ఒక పూట వెళ్ళి కూర్చుంటామని అడగండి, ఒప్పుకోకపోతే ఆలోచించుకోండి. బొమ్మలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా లేక గాజు బీరువాలో తాళం వేసి ఉన్నాయా చూడండి. గోడ మీద అతికించిన బొమ్మలన్నీ అచ్చు ఒకేలా ఉంటే అవి టీచర్ వేసినవి. గదిలో ఎవరి గొంతు ఎక్కువ వినపడుతోందో వినండి, టీచర్‌దా, పిల్లలదా. ఎల్‌కేజీకి హోంవర్క్ ఎంత ఇస్తారని అడిగితే గర్వంగా చెప్పే బడి అయితే ఇంకో నాలుగు చూసి రండి.

ఒకటో తరగతిలో వెనకబడిపోతారేమో అన్న భయం ఉంటుంది, తెలుసు. ఒకటో తరగతి మొదట్లో మూడు నెలలు ఆటలతోనే నడపటానికి బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2021లో విద్యా ప్రవేశ్ అని ఒక మాడ్యూల్ ఇచ్చింది, మీ ఊరి బడిలో అది జరుగుతోందా అని హెడ్మాస్టర్ గారిని అడగండి. జరగకపోతే ఆ మూడు నెలలూ సాయంత్రం ఇంట్లో సంత పెట్టుకోండి, ఈసారి ధరల బోర్డు మాత్రం పిల్లలే నిజం అంకెలతో రాయాలి.